పరుగెత్తు బండ్ల నడుమ వార్త నడచు విధము

ఉత్తరము వ్రాసి టపాపెట్టెలో వేయువాడు దాని మార్గమును గూర్చి చింతింపడు. ఊరు కదలదు, వీథి కదలదు, నిన్న ఉన్న తలుపు నేడును అచ్చటనే యుండును. టపాకచేరిలోని గుమాస్తా విలాసము చదివి ఉత్తరము నొక సంచిలో వేయును. ఆ సంచి ఏ రైలున ఏ స్టేషనునకు పోవలెనో ముందే నిర్ణయింపబడి యున్నది. ఇపుడొక వింత పట్టణమును ఊహింపుడు. అందు ఇండ్లన్నియు చక్రములమీద నున్నవి. టపాకచేరి లేదు, బంట్రోతులు లేరు. ఎవనికైన ఉత్తరము పంపవలసినచో తన ప్రక్కగా పోవుచున్న యింటివాని చేతికిచ్చి, దీనిని ముందునకు సాగింపుమని చెప్పవలెను. పుచ్చుకొన్నవాడు మఱునిమిషమున సందు తిరిగి కనుమఱుగు కావచ్చును. పంపినవాడును కదలుచున్నాడు, అందుకొనవలసినవాడును కదలుచున్నాడు, నడుమ మోయువారందఱును కదలుచున్నారు. అట్టి పట్టణమున ఉత్తరము చేరుటెట్లు?

ఇది కట్టుకథ కాదు. పెద్దనగరముల వీథులలో పరుగెత్తు మోటారు బండ్లు వైర్‌లెస్సు మూలమున ఒకదానితో నొకటి మాటలాడుకొనునట్లు చేయుటకు ఇంజనీర్లు పూనుకొని పాతిక సంవత్సరములు దాటినది. వారికి ఎదురైన ప్రశ్న సరిగా ఇదియే. మన పాఠశాలలో పై తరగతుల బాలబాలికలు సెల్ ఫోనును, కంప్యూటరును వాడుటలో ఉపాధ్యాయులకంటె నేర్పరులు. కాని వార్త ఒకచోటినుండి మఱియొకచోటికి ఏ దారిని పోవునో విచారించువారు అరుదు. కావున ఆ సంగతిని వారికిని, వారి తలిదండ్రులకును అర్థమగునట్లు చెప్ప ప్రయత్నించెదను.

బండ్లకు సంభాషణ మెందుకని మొదట అడుగవచ్చును. ఒక చిన్న లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకండులో సుమారు 16.7 మీటర్లు పోవును. ఎదుట అపాయము కనబడిన పిమ్మట తోలువాని కాలు బ్రేకుమీదికి పోవుటకు ఒక సెకండు పట్టు ననుకొందము. ఆపైన పొడిగా నున్న తారురోడ్డుమీద, మంచి బ్రేకులున్న బండికి, నిలుచుటకు మఱియొక ఇరువది మీటర్లు కావలెను. వెరసి 37 మీటర్లు. ఎదుట నున్నది కనబడునప్పటి మాట ఇది. మనకు ముందు పెద్ద లారీ యొకటి పోవుచున్నచో దాని యావల నున్న బండి ఆగిన సంగతి మనకు కనబడనే కనబడదు. అయిదు బండ్లు వరుసగా పోవుచుండగా మొదటిది హఠాత్తుగా ఆగెననుకొనుడు. ప్రతివాడును తన ముందున్న బండి యెఱ్ఱదీపమును చూచిన సెకండునకు గాని బ్రేకు వేయజాలడు. అయిదవవాడు బ్రేకు వేయునప్పటికి నాలుగు సెకండ్లు గడచును. ఈలోగా అతని బండి 67 మీటర్లు ముందునకు పోయి యుండును. రేడియో తరంగమునకో, 300 మీటర్లు పోవుటకు సెకండులో పదిలక్షలవ భాగము చాలును. మొదటి బండి తాను ఆగుచున్నానని రేడియోమీద కేకవేసినయెడల తక్కిన నలుగురును ఒక్కమాఱే విని, ఒక్క సెకండునకే బ్రేకు వేయగలరు. అయిదవవానికి మూడు సెకండ్లు మిగిలినవి. ఆ బండిలోని కుటుంబము సాయంకాలము ఇల్లు చేరుటయు, చేరకుండుటయు ఆ మూడు సెకండ్లలో నున్నది.

ఇది దగ్గరివారికి వేయు కేక. రెండు కిలోమీటర్ల యావల వంతెనమీద నీరు పొరలుచున్నదనియో, రోగిని మోయు బండి వచ్చుచున్నది గనుక దారి విడువుడనియో చెప్పవలసినప్పుడు ఒక్క కేక చాలదు. ఒక బండినుండి మఱియొక బండికి చేతులు మాఱుచు వార్త పోవలెను. కష్టమంతయు అక్కడనే కలదు.

సెల్ ఫోను టవర్లు ఉన్నవి గదా, వానిమీదుగా పంపరాదా యని తెలివిగల విద్యార్థి అడుగును. సరియైన ప్రశ్నయే. దూరపు వార్తలను టవరు మూలముగా పంపుట నేడు జరుగుచునే యున్నది. అయితే టవరునకు పోయి, అచ్చటినుండి తీగలవెంట యంత్రశాలలు తిరిగి, మఱల టవరునుండి దిగి వచ్చునప్పటికి కొంత జాగు కలుగవచ్చును. ప్రక్కబండితో చెప్పవలసిన మాటకు అంత ప్రయాణ మేల? మఱియు టవరు పనిచేయుచున్నంతవరకే ఆ యాధారము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును మోదినప్పుడు కరెంటు పోయి, టవర్లు మూగవోయి, ఆ నగరమువారు బంధువులకు క్షేమవార్త పంపలేక పడిన యవస్థ మనలో పలువురెఱుగుదురు. ఎవరి టవరును ఆశ్రయింపక బండ్లు తమలో తాము చేతులు మార్చుకొను వార్తకు విలువ అట్టి దినములలో తెలియును.

కంప్యూటరు వార్తను చిన్న చిన్న తునకలుగా విభజించి, ప్రతి తునకమీదను విలాసము వ్రాసి పంపును. దానిని ప్యాకెట్టు అందురు. ప్యాకెట్టును బండినుండి రేడియోమీద పంపు ప్రయత్నము మిక్కిలి పాతది. 1976 ఆగస్టు 27వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎస్. ఆర్. ఐ. అను పరిశోధనసంస్థవారు రేడియో యంత్రములు నింపిన పెద్ద వ్యాను నొకదానిని ఒక భోజనశాల ముంగిట నిలిపిరి. ఆరుబయటి బల్లమీదినుండి వారు పంపిన వారపు నివేదిక రేడియోమార్గమున పోయి, అప్పటి కంప్యూటరు తీగలలో ప్రవేశించి, గమ్యమును చేరెను. మఱుసటి సంవత్సరము నవంబరులో ఆ వ్యాను రాజమార్గమున పరుగెత్తుచునే వార్త పంపెను. అటుపిమ్మట 1999లో అమెరికా ప్రభుత్వము సెకండునకు 590 కోట్ల కంపనముల ప్రాంతమున నొక రేడియోభాగమును బండ్ల సంభాషణకై ప్రత్యేకించెను. 2010లో బండ్లకు తగిన వైర్‌లెస్సు నియమావళి యొకటి సిద్ధమాయెను.

ఆ తరంగమును గూర్చి ఒక మాట చెప్పవలెను. పట్టణపు చిక్కంతయు దానినుండియే పుట్టినది. ఆకాశవాణి మీడియం వేవు తరంగము కొన్ని వందల మీటర్ల నిడివి గలది. ఇల్లు అడ్డమువచ్చినను అది చుట్టి వంగి పోగలదు. 590 కోట్ల కంపనముల తరంగము నిడివి అయిదు సెంటీమీటర్లు మాత్రమే. దానికి మేడగోడ దీపమునకు తెరవంటిది. తిన్ననైన వీథిలో మూడు నాలుగు వందల మీటర్ల దూరమున నున్న బండి చక్కగా వినబడును. వీథిమూల తిరిగి ముప్పది మీటర్లలో నున్న బండి వినబడక పోవచ్చును. పట్టణమున దగ్గఱితనమునకును వినికిడికిని పొత్తు లేదు. దీనిని మఱువకుడు.

మొదట కొందఱు అవలంబించిన పద్ధతి ఇది. తిరునాళ్లలో పిల్లవాడు తప్పిపోయినచో మన మేమి చేయుదుము? దగ్గరివారి నడుగుదుము, వారు తమ దగ్గరివారి నడుగుదురు. ఎవరో ఒకరు "ఇక్కడనే యున్నాడు" అందురు. ఆ జవాబు వచ్చిన దారినే మనము పోవుదుము. 1999లో చార్లెస్ పెర్కిన్సు, ఎలిజబెత్ రోయరు అనువారు ఇట్టి విధమునే చక్కని క్రమమున వ్రాసిరి. కదలిక తక్కువగా నున్నచోట ఇది బాగుగా సాగును. కాని మోటారు బండ్ల సంగతి చూడుడు. ఎదురెదురుగా గంటకు 50 కిలోమీటర్ల చొప్పున వచ్చు రెండు బండ్లు ఒకదాని నొకటి సమీపించు వేగము గంటకు 100 కిలోమీటర్లు, అనగా సెకండునకు 27.8 మీటర్లు. రేడియో 250 మీటర్లవఱకు వినబడునేని, కలియకముందు 250, కలిసినపిమ్మట 250, మొత్తము 500 మీటర్లు. ఈ సంఖ్యను 27.8 చేత భాగించినచో 18 సెకండ్లు వచ్చును. ఆ రెండింటి స్నేహమునకు ఆయువు అంతియే. పది బండ్ల గొలుసులో ఏ యొక లంకె తెగినను దారి తెగినట్లే. దారిని వెదకి కనుగొనునప్పటికి ఆ దారి యుండదు.

2000 సంవత్సరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రాడ్ కార్ప్, హెచ్. టి. కుంగ్ అనువారు వేఱొక యాలోచన ప్రకటించిరి. దారిని గుర్తుంచుకొనుటయే మానుడు. దిక్కును మాత్రము గుర్తుంచుకొనుడు అనుటయే దాని సారాంశము. ప్రతి బండియు ఉపగ్రహముల సాయమున తానెక్కడ నున్నదో తెలిసికొనును. అది తఱచుగా, ఐరోపాలోని నేటి నియమము ప్రకారము సెకండునకు ఒకటి మొదలు పది మాఱులవఱకు, "నేను ఇచ్చట నున్నాను, ఇంత వేగమున ఈ దిక్కునకు పోవుచున్నాను" అని చాటుచుండును. కనుక ప్రతి బండికిని తన పొరుగుబండ్ల చిట్టా యొకటి యుండును. ప్యాకెట్టు చేతికి వచ్చినపుడు ఆ చిట్టా చూచి, గమ్యమునకు అందఱికంటె దగ్గఱగా నున్న పొరుగువానికి దాని నిచ్చివేయును. అంతటితో దాని పని సరి. ఏ బండియు నగరమంతటి దారులను కంఠస్థము చేయ నక్కఱలేదు.

అయితే దీనికొక గోతి యున్నది. ఏటి యొడ్డున నిలిచిన బాటసారి నూహింపుడు. ఆవలి యొడ్డున గ్రామము ఎదురుగా కనబడుచున్నది. ఈ యొడ్డుననున్న వారిలో అతనికంటె ఆ గ్రామమునకు దగ్గఱ నున్నవాడు లేడు. కాని వంతెన వెనుకకు క్రోసెడు దూరమున నున్నది. ముందునకే పోవుదునని పట్టుపట్టినవాడు అచ్చటనే నిలిచిపోవును. ప్యాకెట్టునకును ఇట్టి గతి పట్టునని ఆ విద్వాంసులెఱిగి, అప్పుడు చిక్కుదారుల తోటలో దారితప్పినవాడు గోడమీద కుడిచేయి వేసి నడచినట్లు, ఆ ఖాళీ చుట్టును తిరిగి పొమ్మని నియమించిరి. మైదానమున ఇది చాల బాగుగా నున్నది. గోడలున్న పట్టణమున, ఎవరికెవరు వినబడుదురో దూరమునుబట్టి చెప్పలేము గనుక, ఈ కుడిచేతి నియమము తఱచు దారితప్పించును.

ఇక నాకు మిక్కిలి నచ్చిన భాగము. 2005లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు కొందఱు బెర్లిను నగరములో నొక భాగమును, 6.25 కిలోమీటర్ల పొడవు, 3.45 కిలోమీటర్ల వెడల్పు గలదానిని, 33 వీథులతోను 955 బండ్లతోను కంప్యూటరులో సృష్టించి పరీక్షించిరి. వారు కనిపెట్టిన దేమనగా, ప్యాకెట్టు తప్పిపోవుటకు కారణము దాని యత్యాశ. వీలైనంత దూరపు బండికి చేరవలెనని అది కూడలిని దాటి దూకుచున్నది. తిరుగవలసిన మలుపు ఆ కూడలిలోనే యుండెను! దాటిన పిమ్మట అడ్డవీథిలోనివారికి అది వినబడదు. కావున వారు చేసిన నియమ మిది: ముందెంత దూరమున బండి యున్నను సరే, కూడలిలో నొక బండి యున్నయెడల ప్యాకెట్టు తప్పక దాని చేతికే పోవలెను. నాలుగు వీథులును చూడగలది కూడలిలోని బండి యొకటియే గదా. ఎటు త్రిప్పవలెనో అది నిర్ణయించును. ఈ విధమున ప్యాకెట్టు కొన్ని చేతులు ఎక్కువ మాఱినను, గమ్యము చేరిన ప్యాకెట్ల సంఖ్య పెరిగినది.

కాని తాను కూడలిలో నున్నానని బండికి ఎట్లు తెలియును? పటము చూచి తెలిసికొనవచ్చు నందురు. ఆ శాస్త్రజ్ఞులు పటము లేకయే తెలిసికొను ఉపాయము చెప్పిరి. ప్రతి బండియు తన స్థానముతోపాటు తనకు వినబడు పొరుగువారి పేర్లనుగూడ చాటునట్లు చేసిరి. ఇప్పుడు నేను బండినైతి ననుకొనుడు. పడమటి వీథిలోని బండి నాకు వినబడుచున్నది. ఉత్తరపు వీథిలోని బండియు నాకు వినబడుచున్నది. లెక్క చూచినచో ఆ రెండింటి నడుమ దూరము స్వల్పమే. అయినను ఒకదాని చిట్టాలో రెండవదాని పేరు లేదు. ఇంత దగ్గఱ నుండియు ఒకరి కొకరు వినబడకున్నారు, నాకు మాత్రము ఇద్దఱును వినబడుచున్నారు. కావున వారి నడుమ గోడ యున్నది, నేను మూల యొద్ద నున్నాను. రేఖాగణితము ఎందులకని మూలుగు పిల్లలు ఈ తర్కమును రెండుమాఱులు చదువుదురుగాక.

పటము నుపయోగించుకొన్నవారును కలరు. 2003లోనే ఆ శాస్త్రజ్ఞులలో కొందఱు నగరపు పటమును బండిలో నుంచి, ప్యాకెట్టు ఏయే కూడలులగుండ పోవలెనో ముందే లెక్కించు పద్ధతిని వ్రాసిరి. పటముమీద దగ్గఱిదారిని కనుగొనుటకు హాలెండు దేశీయుడైన డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన గణితవిధానము చాలును. అయితే దగ్గఱిదారి యెప్పుడును మంచిదారి యగునా? రెండవ సమూయేలు గ్రంథము 18వ అధ్యాయమున ఇద్దఱు వార్తాహరుల సంగతి మన పిల్లలెఱిగినదే. కూషీ ముందు బయలుదేరెను. అహిమయస్సు వెనుక బయలుదేరియు మైదానపు మార్గమున పరుగెత్తి ముందుగా చేరెను. మంచిదారి పట్టినవాడు గెలిచెను. ప్యాకెట్టునకు మంచిదారి యనగా బండ్లు దట్టముగా తిరుగు దారి. బండ్లు లేని సందు ఎంత దగ్గఱిదైనను, అందులో చేయందించువాడు లేడు. 2004లో ప్రకటింపబడిన ఎ-స్టార్ అను పద్ధతి ఈ చిక్కునకు ఎంతో లౌకికమైన మందు చెప్పినది. నగరమున ఏ వీథులలో బస్సులు ఎక్కువగా తిరుగునో చూడుడు. బస్సుల దారులు అచ్చువేసి యున్నవి, బస్సులు తిరుగు వీథి పెద్దవీథి, పెద్దవీథిలో బండ్లుండును. కావున బస్సుల వీథికి ఎక్కువ మార్కు లిచ్చి దారి లెక్కింపుడు. ఇట్టి యుపాయము గొప్ప సమీకరణములకంటె నాకు ముచ్చట గొలుపును.

బస్సుల వీథియు అర్ధరాత్రమున ఖాళీయగును. అప్పుడేమి చేయవలెను? చేయందించువాడు లేనప్పుడు ప్యాకెట్టును పాఱవేయుట మొదటివారి పద్ధతి. దానిని జేబులో నుంచుకొని, తానే ముందునకు పోవుచు, ఎవరైన తటస్థపడినపుడు ఇచ్చుట రెండవది. బండి కదలుట ఇంతవఱకు మనకు శత్రువుగా నుండెను, ఇచ్చట మిత్రమాయెను. బండి చక్రములే వార్తను మోయుచున్నవి. అయితే రేడియో కంటిఱెప్పపాటున దాటు దూరమును చక్రములు నిమిషములలో గాని దాటవు. అందుచేత 2006లో జాఒ, కావ్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు ప్రతి కూడలిలోను, ఏ వీథి పట్టినచో మొత్తముమీద తక్కువ కాలము పట్టునో, బండ్ల దట్టమునుబట్టి అంచనావేసి నిర్ణయించు పద్ధతిని వ్రాసిరి. సాధ్యమైనంతవఱకు రేడియోమీద పంపుము, తప్పనిసరియైనప్పుడు మోయుము, మోయవలసినచో వేగముగా పోవు వీథిలో మోయుము అని దాని తాత్పర్యము.

చక్రములమీద వార్త మోయుట మన పొరుగుసీమలోనే జరిగియున్నది. కర్ణాటకములోని దొడ్డబళ్ళాపురము తాలూకాలో డాక్‌నెట్ అను ఏర్పాటున ప్రభుత్వపు బస్సులో వైర్‌లెస్సు పెట్టె నొకదాని నుంచిరి. బస్సు గ్రామమునకు వచ్చినపుడు అచ్చటి కంప్యూటరులోని యర్జీలు బస్సులోనికి ఎక్కును. తాలూకా కచేరి చేరినపుడు దిగును. భూమి రికార్డుల జవాబులు తిరుగుబస్సులో గ్రామమునకు చేరును. దాని వివరములు 2004లో ప్రకటింపబడినవి. తీగ లేని గ్రామమునకు అది తీగవలె పనిచేసినది. పేరులోని "డాక్" అనగా టపా యని వేఱుగ చెప్ప నక్కఱలేదు. వార్త అప్పుడే చేరవలెనను తొందర లేనిచోట, ఓపికగల బస్సు టవరుతో సమానము.

ఇంతవఱకు బండ్లు తక్కువైన కష్టము చెప్పితిని. బండ్లు ఎక్కువైన కష్టము వేఱు. దానిని పాఠశాల మైదానములోనే పరీక్షింపవచ్చును. నలువది మంది పిల్లలను దూరదూరముగా నిలిపి, ఒక మాట చెప్పి, విన్న ప్రతివాడును దానిని గట్టిగా మఱల పలుకవలెనని చెప్పుడు. అర నిమిషములో చెవులు గింగురుమనును గాని మాట యేమో ఎవరికిని తెలియదు. 1999లో తైవాను దేశపు శాస్త్రజ్ఞులు దీనికి ప్రసారపు తుపాను అని పేరు పెట్టిరి. ఇప్పుడు నియమము కొంచెము మార్పుడు. విన్నవాడు వెంటనే పలుకగూడదు. పలికినవానికి దూరముగా నున్నవాడు ఒకటి లెక్కించి పలుకవలెను. దగ్గఱ నున్నవాడు పది లెక్కించి పలుకవలెను. ఈలోగా ముందున్న వారెవరైన పలికినచో తాను నోరు మూసికొనవలెను. మాట ఇప్పుడు కొద్దిమంది నోళ్లతోనే మైదానము దాటును. వ్యాయామోపాధ్యాయులు ఒకనాడు ఈ యాట ఆడింతురేని పిల్లలకు పాఠము కంటె బాగుగా బోధపడును.

విలాసమును గూర్చియు ఒక వింత చెప్పవలెను. మనము ఉత్తరముమీద మనుష్యుని పేరు వ్రాయుదుము. బండ్ల వార్తలలో ముఖ్యమైనవానికి పేరే యుండదు. "ఫలాని కూడలికి అయిదువందల మీటర్లలో ఈ సమయమున ఎవరున్న వారికి" అని యుండును. అపాయపువార్త వినవలసినవాడు ఎవడనిన, అపాయమునకు దగ్గఱ నున్నవాడు. అతని పేరుతో పనిలేదు. చోటునకు ఉత్తరము వ్రాయుట యను ఈ భావమును ఐరోపాలోని నియమావళిలోగూడ చేర్చిరి.

అయితే వార్త నిజమని నమ్ముటెట్లు? దుష్టుడొకడు "ముందు రోడ్డు మూసియున్నది" అని యబద్ధపు కేక వేసి తన దారిని ఖాళీ చేసికొనవచ్చును. ఇందుకై ప్రతి వార్తమీదను గణితపు ముద్ర వేయుదురు. అది దొంగిలించుట కలవిగాని సంతకము వంటిది. కాని ప్రతి బండియు సెకండునకు పదిమాఱులు తన చోటును సంతకముతో చాటుచుండగా, దానిని వినుచు ఏ మనిషి ఎప్పు డెక్కడకు పోయెనో వ్రాసికొనువాడు ఉండడా? కావున బండ్లకు మాఱుపేరు లిచ్చి, వానిని తఱచు మార్చుచుందురు. సంతకము కావలెను, ఎవరి సంతకమో తెలియరాదు! ఈ రెండింటిని పొసగించుట దారి వెదకుటకంటె సులభము కాదు. అహిమయస్సు ముందుగా చేరెనే గాని, అబ్షాలోము సంగతి రాజు అడిగినపుడు తిన్నగా చెప్పలేదు. పూర్తివార్త వెనుకవచ్చిన కూషీ నోటనే వినబడెను. త్వరగా వచ్చిన వార్తయు, సంపూర్ణమైన వార్తయు రెండు వేఱు వస్తువులు. ఇంజనీర్లును ఇది యెఱిగి, ఒక్క వార్త వినినంతనే బ్రేకు వేయక, బండిలోని కెమేరాతోను, ఇతర బండ్ల మాటలతోను సరిచూడవలెనని చెప్పుచున్నారు.

నేటి స్థితి యేమనగా, పొరుగుబండికి వేయు కేక కొన్ని దేశముల రోడ్లమీదికి వచ్చినది. జపానులో 2015లో టయోటావారు అట్టి బండ్లను అమ్మజొచ్చిరి. ఐరోపాలో 2019లో వచ్చిన వోక్స్‌వాగన్ గోల్ఫు అను కారులో ఆ యంత్రమున్నది. మన రైళ్లలో కవచమను ఏర్పాటు రేడియోమీదనే రైళ్లను ఢీకొనకుండ కాపాడును. 2022 మార్చి 4వ తేదీన సికింద్రాబాదు డివిజనులో రైల్వేమంత్రి ఇంజనులో నుండగనే దానిని పరీక్షించిరి. కాని రైలునకు పట్టాలున్నవి, స్టేషనున్నది. వీథిలోని బండికి అవి లేవు. చేతులు మాఱుచు దూరము పోవు వార్త ఇంకను పరిశోధనశాలలలోను, పరీక్షలలోను ఎక్కువగాను, రోడ్డుమీద తక్కువగాను కలదు. ముఖ్యకారణము తెలిసినదే: నూఱు బండ్లలో అయిదింటికే యంత్రమున్నచో గొలుసు తెగుచునే యుండును, గొలుసు తెగుచున్నంతకాలము యంత్రము కొనవలెనని ఎవరికిని తోచదు. సైకిలువాడును, ఎడ్లబండివాడును, రోడ్డు దాటు ముసలమ్మయు ఆ లెక్కలోనికే రారు. వారిని బండి తన కన్నులతోనే చూచుకొనవలెను.

ఇంకొక యడ్డంకి ప్రభుత్వములవలన కలిగినది. 1999లో బండ్లకై ప్రత్యేకించిన రేడియోభాగములో సగమునకు మించినదానిని అమెరికా ప్రభుత్వము 2020లో ఇండ్లలోని వైర్‌లెస్సునకు మరలించినది. 2024లో చేసిన నియమములచే మిగిలినదానిని సెల్ ఫోను వంశమునకు చెందిన రేడియోకే యిచ్చినది. చైనా దేశమును ఆ రెండవ రేడియోనే ఎన్నుకొన్నది. ఐరోపాలో ఆ గోల్ఫు కారు మొదలగునవి 2010 నాటి నియమావళి సంతతినే వాడుచున్నవి. ఈ రెండు రేడియోలును ఒకే వీథిలో, ఒకే ఎఱ్ఱదీపము వద్ద ప్రక్కప్రక్కన నిలిచినను ఒకదాని మాట రెండవదానికి అర్థము కాదు.